అమ్మకు పిత్తనాళంల రాయి: నోట్లకెళ్లి తీస్తరట, ఎవరికన్న అయ్యిందా?

దేవరకొండ పోరడు:
అమ్మకు 58 ఏండ్లు, షుగరుంది. ఇరవై దినాల సంది కుడి డొక్క కింద నొప్పి. గ్యాసేమోనని గోలీలు మింగుకుంట వచ్చింది. మొన్న కండ్లు పచ్చగయినయి. నల్లగొండల స్కానింగ్ తీస్తే గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) రాయి జారి నాళంల ఇరికిందట. కామెర్లెంతున్నయో చెప్పే రక్తపరీక్ష, బిలిరుబిన్, 7.2 వచ్చింది. హైదరాబాద్ పోయి ఈఆర్‌సీపీ, అంటే నోట్లకెళ్లి పైపు పంపి నాళంల రాయి తీసుడు, చేయించమన్నరు. చిన్నమ్మేమో కామెర్లకు చెయ్యి కాల్పియ్యాలెనని ఒక్కటే పట్టు. కడుపు కొయ్యకుంట రాయెట్ల వస్తది?

హాలియా రైతు:
తమ్మీ, నేను చెయ్యి కాల్పిచ్చుకున్నోన్నే. మణికట్టు కాడ మచ్చ ఇంకా ఉన్నది, రాయి మాత్రం కదల్లే. నాలుగో దినం రాత్రి చలిజరం, రెండు గొంగళ్లు కప్పినా పండ్లు టకటక కొట్టుకున్నయి. ఇక అప్పుడు ఈఆర్‌సీపీకి దవాఖానకు ఉరికినం.

బోర్ల పండవెట్టి, పండ్ల నడుమ ప్లాస్టిక్ రింగు పెట్టిండ్రు. గొంతుల చేదు మందు కొట్టిండ్రు. అంతే, నిద్రవట్టింది. పైపు కడుపు దాటి చిన్నపేగుల పిత్తనాళం మూతి కాడికి పోతదట. ఆ మూతిని జెరంత కోసి, సన్నటి తీగ మీదికెళ్లి చిన్న గాలిబుగ్గను రాయి అవుతలికి పంపి, ఊది, కిందికి గుంజుతరు. రాయి పేగుల పడి దొడ్డికెళ్లి పోతది. మా ఇంటామె "రాయి సూపియ్యరా సారూ" అని అడిగితే డాక్టరు నవ్విండు.

తప్పు నేను తర్వాత చేసిన. నాళంల స్టెంట్ (సన్న గొట్టం) ఏసి, అది తీయనీకి ఆరు వారాలకు రమ్మన్నరు. సాగర్ ఎడమకాలువ నీళ్లొచ్చినయి, నాట్లల వడి ఐదు నెలలకు పోయిన. అది పూడుకపోయి మల్ల జరం. తేదీ గోడ మీద రాసుకో.

పాలమూరు సిస్టర్:
జరం, వణుకు, పచ్చకండ్లు, నొప్పి కలిస్తే తెల్లారేదాక ఆగొద్దు, నాళంల చీము పడ్డట్టే అనుకోవాలె. గుండె కోసం రక్తం పలచబడే గోలీలు వాడుతుంటే ముందే చెప్పండి. షుగర్ గోలీ ఆ పొద్దు వెయ్యాల్నా వద్దా అడగండి, ఎందుకంటే ఆరేడు గంటలు ఉపాసముండాలె. ఈఆర్‌సీపీ చేసినంక పాంక్రియాస్ (క్లోమం) వాపు నూటికి మూడు నుంచి పదిమందికి వస్తది. పైకడుపు నొప్పి ఎక్కువైతే సిగ్గుపడక చెప్పమనండి. గాల్‌బ్లాడర్‌ను తర్వాత లాప్రోస్కోపీల (చిన్న చిన్న రంధ్రాలకెళ్లి చేసే ఆపరేషన్) తీపియ్యకుంటే మల్లో రాయి జారొచ్చు.

ఆరోగ్యశ్రీ కార్డు తీస్కపోండి. పరిమితి 2023 డిసెంబర్ల 10 లక్షలు చేసిండ్రు. ఈ పని అండ్ల వస్తదా అని దవాఖానల ఆ స్కీము చూసుకునే ఆరోగ్యమిత్రనే అడగండి.

దేవరకొండ పోరడు:
అన్నా, మీ మచ్చ ముచ్చట చిన్నమ్మకు చదివి ఇనిపిచ్చిన. కొంచెంసేపు మాట్లాడలే. ఇప్పుడు తాను గూడ పొద్దుగాల బస్సుకు వస్తనంటున్నది, గొంగడి సంచిల పెట్టింది.