అప్‌డేట్: మైగ్రేన్‌కి స్టిమ్యులేషన్ పరికరం వాడాక

నెలలో సగానికి పైగా తలనొప్పే, మాత్రలు పడటం లేదు, మెదడుకు బయటి నుంచి ఇచ్చే స్టిమ్యులేషన్ పనిచేస్తుందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

న్యూరాలజిస్టు ముందు అడిగింది నొప్పి మాత్రల లెక్క. నెలకు ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పికని వాడే ప్రత్యేక మాత్రలు) 10 రోజులు, మామూలు పెయిన్‌కిల్లర్లు 15 రోజులు, లేదా అంతకు మించి వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయట. అవి తగ్గిస్తూనే పరికరం మొదలుపెట్టాం.

మీలో కొందరు చెప్పిన రెండు పద్ధతుల్లో టీఎంఎస్ అయస్కాంత పల్స్‌తో, టీడీసీఎస్ 1–2 మిల్లీఆంపియర్ల సన్నటి కరెంటుతో తల బయటి నుంచి మెదడును ప్రేరేపిస్తాయి. నాకిచ్చింది ఆ రెండూ కాదు. నుదుటికి అంటించుకుంటే కనుబొమల పైనున్న నరాలను ప్రేరేపించేది. (అంటే నిజానికి ఇది నేరుగా మెదడుకిచ్చేది కాదు!) రోజూ 20 నిమిషాలు. మొదట్లో చీమలు పాకుతున్నట్టు చిరాకుగా ఉండేది. ఇప్పుడు అది పెట్టుకునే కునుకు తీస్తున్నా.

నొప్పి రోజులు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. పరికరం వల్లా, మాత్రలు తగ్గించడం వల్లా అంటే విడదీసి చెప్పలేను. పేస్‌మేకరో, తలలో లోహపు ఇంప్లాంటో ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వీటి జోలికి వెళ్లొద్దు. తలనొప్పి రాకుండా వేసుకునే నివారణ మాత్ర మాత్రం ఇంకా నడుస్తోంది. డోసు తగ్గించే సంగతి వచ్చే చెకప్‌లో చూద్దామన్నారు.