విదేశీ జెండా ఓడలకు మన నేవీ కాపలా ఎందుకు?

యార్డు శీను (గుంటూరు): 2024 జనవరిలో ఏడెన్ సింధుశాఖ దగ్గర మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కి ఎర్ర సముద్రం దారిలో ఓడల్ని కొట్టే యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీల క్షిపణి తగిలితే మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం వెళ్లి మంటలార్పింది. ఓడ జెండా మార్షల్ దీవులది. పన్నులు తప్పించుకోవడానికి అక్కడ రిజిస్ట్రేషను, ఆపదొస్తే మన నేవీనా? ఓనర్లే తుపాకులవాళ్లని పెట్టుకోవచ్చుగా.

కృష్ణలంక కుర్రోడు: అందులో 22 మంది మనవాళ్లే అన్నా.

బెజవాడ బాబాయ్: శీనూ, పడవలేసుకొని వచ్చే సోమాలీ దొంగలకైతే తుపాకులు సరిపోతాయి. క్షిపణిని రైఫిల్‌తో కొడతారా? 2025 జూలైలో హౌతీల దాడిలో మునిగిన ఎటర్నిటీ సి అనే ఓడ మీద గార్డులున్నారు, ఏం లాభం? 2012లో ఇటలీ ఓడ మీద కాపలా ఉన్న ఆ దేశ నేవీ సైనికులు దొంగలనుకొని కేరళ తీరం దగ్గర మన జాలర్లిద్దరిని కాల్చేశారు, అది మర్చిపోయావా?

యార్డు శీను: 2012 ఎందుకు తవ్వుతారు బాబాయ్? నా నష్టం చూడండి. తొడిమ తీయించిన తేజ మిర్చి, రాటర్‌డ్యామ్‌కి కంటైనర్ కట్టాను. ఓడలు ఎర్ర సముద్రం, సూయజ్ కాలువ దారి మానేసి ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలెట్టాక ఏజెంటు ముందు చెప్పిన ఓడ కిరాయి, అదే ఫ్రైట్‌ని మధ్యలో పెంచేశాడు, అడిగితే ఫోన్ ఎత్తడు.

బెజవాడ బాబాయ్: గుంటూరు మిర్చి ఎక్కువగా పోయేది చైనాకి, బంగ్లాదేశ్‌కి. అటు ఎర్ర సముద్రం ఎక్కడుంది?

యార్డు శీను: నేను ఎక్కడికి పంపానో చెప్పాను కదండీ! చదవకుండానే రాసేస్తారేంటి?

బెజవాడ బాబాయ్: నీ ఒక్క కంటైనర్‌తో దేశానికి లెక్కలు కట్టకు.

యార్డు శీను: ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని దేశం గురించి మీరు చెప్పండి, డబ్బు పోగొట్టుకున్నోడు నోరు మూసుకుంటాడు.

మోటర్‌మ్యాన్ (తాడేపల్లి): మీ మిర్చి గొడవ కాస్త ఆపండి. నేను ఓడ ఇంజన్ రూంలో పనిచేస్తూ ఆ దారిలో పోయినవాణ్ణి. రాత్రి డెక్ మీద లైట్లన్నీ ఆర్పేసేవాళ్లు. కొన్ని ఓడలైతే తమ జాడ చెప్పే ఏఐఎస్‌లో గమ్యం రాయాల్సిన చోట 'సిబ్బంది అంతా చైనావాళ్లే' అని పెట్టుకున్నాయి, అలాగైనా వదిలేస్తారేమోనని. కింద ఇంజన్ రూంలో ఉన్నవాడికి పైన ఏం వస్తోందో కూడా తెలీదు. వెళ్లనని చెప్పే హక్కు కాగితం మీద ఉంది. మా ఏజెంటు ఏమన్నాడంటే, 'చెప్పు, కానీ మళ్లీ పిలుపు కోసం చూడకు' అని. ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడ మీద 2024 మార్చిలో హౌతీల క్షిపణికి ముగ్గురు చనిపోయారు. మిగిలినవాళ్లని ఐఎన్‌ఎస్ కోల్‌కతా తీసుకొచ్చింది, అది గొప్పే. కానీ నేవీ ఉంది కదా అనే ధైర్యంతోనే ఓనర్లు మమ్మల్ని అటు తోలుతున్నారు.

బెజవాడ బాబాయ్: అయితే నేవీ వద్దంటావా?

మోటర్‌మ్యాన్: ఉండాలి. రానన్నవాడి పేరు మాత్రం కొట్టేయకూడదు.

యార్డు శీను: అందరూ రానంటే సరుకు ఎవరు తెస్తారు తమ్ముడూ?

మోటర్‌మ్యాన్: ఆఫ్రికా చుట్టూ రానివ్వండి. పది, పదిహేను రోజులు ఎక్కువ పడుతుంది, అంతే.

యార్డు శీను: ఆ ఫ్రైట్ కట్టేది నేను!