జవాను క్వార్టర్స్‌కి కాపురానికెళ్ళే మన ఆడపిల్లలకి ఏం చెప్పి పంపాలి?

నాగావళి: పండగ సెలవు అవ్వగానే ఆమదాలవలసలోనో విజయనగరంలోనో రైలెక్కి, భర్త వెంట పంజాబుకో రాజస్థానుకో వెళ్ళే కొత్త కోడళ్ళు మన వైపు చాలామంది. పచ్చళ్ళు, చోడిపిండి సర్దడం అందరూ చెబుతారు. అక్కడి ఒంటరితనం సంగతి ఎవరూ చెప్పరు. తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

వంశధార: ముందు కాగితాలు చెల్లీ, సగం బెంగ వాటితోనే. పెళ్ళి సర్టిఫికెట్ ఇచ్చి యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ వేయించాలి, అంటే పెళ్ళి సంగతి ఆయన సర్వీసు రికార్డులోకి ఎక్కించడం. డిపెండెంట్ కార్డు, మిలిటరీ ఆసుపత్రి వైద్యం అన్నీ దాని తర్వాతే. మనవాళ్ళకి చిక్కు పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో పొడి అక్షరం, యూనిట్ కాగితంలో ఇంటిపేరు చివర! ఆర్డర్ పడకముందే అన్నింటా ఒకేలా చేయించండి. పడ్డాక దిద్దించాలంటే అఫిడవిట్లు, రికార్డ్ ఆఫీసుకి ఉత్తరాలు. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా తీసి ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని రాయించండి, అప్పుడు ఇద్దరిలో ఎవరి సంతకమైనా చాలు. ఇద్దరి సంతకాలూ కావాలని రాస్తే, ఆయన ఎక్సర్‌సైజ్‌కి (యుద్ధ శిక్షణకి) వెళ్ళినప్పుడు ఇంట్లో డబ్బుకి కటకట.

పలాస జీడి: ఆయన బయటికెళ్ళిన రోజులే కష్టం. సిగ్నల్ ఉండదు. ఎన్ని రోజులు ఫోన్ రాకపోయినా మామూలే అనుకోవాలో వెళ్ళేముందే మాట్లాడుకోండి. ఎం.ఐ. రూమ్ (యూనిట్‌లోని చిన్న వైద్యశాల), యూనిట్ డ్యూటీ నంబర్, పక్క క్వార్టర్ నంబర్ గోడ మీద రాసి పెట్టండి. వాట్సాప్‌లో సరిహద్దు వార్తలు నమ్మొద్దు, ఏదైనా ఉంటే యూనిట్టే చెబుతుంది. హిందీ అంతా రానక్కర్లేదు, డాక్టరుకి నొప్పి చెప్పుకోవడం, గ్యాసు బుక్ చేయడం, బడిలో మాట్లాడటం ముందు నేర్చుకుంటే చాలు. యూనిట్‌లో జవాన్ల భార్యలంతా కలిసే వెల్ఫేర్ మీట్‌కి సిగ్గుపడి మానొద్దు. భాష రాకపోయినా మొహాలు తెలుస్తాయి. ఇక్కడి అమ్మలకో మాట: పూటపూటా ఫోన్ చేసి ఏడవకండి, ఆ పిల్ల కుదురుకోదు.

సిస్టరమ్మ: బెంగకీ జబ్బుకీ తేడా తెలియాలి. దాదాపు రోజూ దిగులు, నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏ పనిమీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. బాలింతకి మొదటి రోజుల్లో ఏడుపు రావడం మామూలే, అదీ రెండు వారాలు మించకూడదు. థైరాయిడ్, రక్తం కూడా చూపించుకోండి. గర్భిణి కాని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12కి తగ్గితే రక్తహీనత, నీరసం దానివల్లా కావచ్చు. 14416 టెలీ మానస్, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలని ఉందని అంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆయన ఉద్యోగానికి మచ్చ అని దాస్తారు, అదే నాకు బాధ. జవాను మెడికల్ కేటగిరీ, అంటే ఫిట్‌నెస్ గ్రేడు, అతని ఆరోగ్యాన్ని బట్టే ఉంటుంది, భార్య వైద్యాన్ని బట్టి కాదు.

నాగావళి: కాన్పుకి పుట్టింటికొస్తే?

వంశధార: డిపెండెంట్ కార్డు మర్చిపోకుండా తెచ్చుకోవాలి. మనకి దగ్గర విశాఖలో నేవీ వారి కల్యాణి ఆసుపత్రి. నెలలు నిండక ముందే వెళ్ళి అడగండి. ప్రైవేటులో కాన్పు అయ్యాక బిల్లు డబ్బు తిరిగి వస్తుందన్న ధీమా వద్దు, రిఫరల్ (మిలిటరీ ఆసుపత్రి బయటికి పంపుతూ ఇచ్చే కాగితం) సంగతి ముందే తేల్చుకోవాలి. బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లు యూనిట్ కాగితంలో ఉన్నట్టే రాయించండి, బిడ్డకీ మళ్ళీ పార్ట్ టూ ఆర్డర్ పడాలి.