వాయిదా సూత్రం నుంచి వడ్డీ రేటు: మొదటి అంచనా ఎక్కడ వేయాలి?

పర్లాకిమిడి వైపు సెకండ్‌హ్యాండ్ ఆటో అప్పు లెక్క ఇది. అసలు 1,20,000, 24 నెలలు, నెలకి 6,000. ‘ఫ్లాట్ 10 శాతం’ అంటారు, అంటే బాకీ తీరుతున్నా తగ్గించకుండా మొదటి అప్పు మొత్తం మీదే ఏడాదికి 10 శాతం వడ్డీ. వాయిదా నెలాఖరున. మిగిలిన బాకీ మీద నెలకి నిజంగా పడే వడ్డీ రేటు వ కావాలి. సమీకరణం: 20 × వ − 1 + (1+వ)^−24 = 0. వ ఒక్కదాన్నే విడదీయడం కుదరదు కాబట్టి న్యూటన్ పద్ధతి (ఒక అంచనాతో మొదలుపెట్టి, అక్కడి గ్రాఫు వాలును బట్టి అడుగడుగునా దాన్ని సరిచేసుకోవడం) వాడుతున్నాను.

ఇబ్బంది ఇక్కడే. వ = 0 కూడా ఈ సమీకరణానికి మూలమే (అంటే సరిపోయే విలువే). 0.5 శాతంతో మొదలుపెడితే మొదటి అడుగుకే −0.58 శాతానికి జారి, చివరికి సున్నా దగ్గర ఆగుతుంది. గ్రాఫు వాలు సుమారు 0.73 శాతం దగ్గర సున్నా అవుతుంది, దానికి ఎడమన మొదలుపెడితే దారి తప్పినట్టే.

మొదటి అంచనాగా వాయిదా ÷ అసలు, అంటే 5 శాతం, తీసుకుంటే అది ఎప్పుడూ నిజమైన రేటుకు కుడివైపే ఉంటుంది, కానీ క్యాలిక్యులేటర్ మీద 5 అడుగులు పడుతుంది. 2 × మొత్తం వడ్డీ ÷ (అసలు × (నెలలు + 1)) వేస్తే 1.6 శాతం వచ్చింది, రెండే అడుగుల్లో 1.513 (ఏడాదికి 18.16). ఫ్లాట్ 10 కే 12, 36 నెలలకూ చూశాను, రెండింటిలోనూ ఈ అంచనా నిజమైన రేటు కంటే కాస్త ఎక్కువే. స్ప్రెడ్‌షీట్ వద్దు, సంఘం మహిళలకు చేత్తో చూపించాలి.

వాయిదా, నెలలు ఎంతైనా ఈ రెండో అంచనా ఎప్పుడూ నిజమైన రేటుకు తగ్గకుండా ఉంటుందా? నిరూపణ గానీ, తప్పే ఉదాహరణ గానీ చెప్పగలరా?