పోర్ట్ లూయిస్‌లో ఓడ చేరిన తేదీకీ రిజిస్టర్ తేదీకీ తేడా ఎందుకు?

గోదారిగట్టు: మద్రాసు నుంచి మారిషస్ వెళ్ళిన 1850ల నాటి తెరచాప ఓడ ఇది. అప్పటి పత్రికలో ఓడ వచ్చిందన్న తేదీకీ, వలస కూలీల రిజిస్టర్‌లో ఉన్న తేదీకీ ఎనిమిది రోజుల తేడా ఉంది. దేన్ని నమ్మాలి?

చుక్కాని: రెండూ సరైనవే కావచ్చు. ఓడ రేవు బయటికి రావడం వేరు, లోపలికి రావడం వేరు, మనుషులు దిగడం వేరు. పోర్ట్ లూయిస్ ద్వీపానికి వాయవ్యాన ఉంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు వీచేది ఆగ్నేయపు గాలి, అంటే రేవులోంచి సముద్రం వైపు. రేవులోకి వెళ్ళే ఇరుకు దారిలో ఎదురుగాలికి తెరచాపలు పనికిరావు. అందుకని ఓడ బయట గంట బోయా (గంట కట్టిన, నీళ్ళమీద తేలే గుర్తు) దగ్గర లంగరు వేస్తుంది. పడవలో మోకు ముందుకు తీసుకెళ్ళి కట్టేస్తారు. డెక్కు మీద ఖలాసీలు కాప్‌స్టన్ (మోకు చుట్టే నిలువు రాట్నం) తిప్పి మోకును చుట్టుకుంటుంటే ఓడ ముందుకు జరుగుతుంది. మళ్ళీ ఇంకో మోకు. ఓడల్ని లాగే ఆవిరి టగ్గు పడవలు వచ్చాక ఈ చాకిరీ తగ్గింది.

ఉప్పుగాలి: గాలి లెక్క బాగానే ఉంది గానీ, దానికి ఎనిమిది రోజులు పట్టవు. నాకు అనుమానం క్వారంటైన్ మీదే. ఆరోగ్యాధికారి వచ్చి, ఓడ డాక్టర్ని అడిగి, సరే అనేదాకా ఒక్కరూ దిగకూడదు. కలరా, మశూచి ఉంటే ఓడ అటు నుంచి అటే. 1856లో కలకత్తా నుంచి కలరాతో వచ్చిన హైదరీ, ఫుత్తే ముబారక్ ఓడల వాళ్ళను ఉత్తరాన ఉన్న గాబ్రియేల్ దీవిలో దించారు. సరైన నీడ లేక, వసతుల్లేక జనం చాలామంది పోయారు. తర్వాత పక్కనున్న ఫ్లాట్ దీవిలో క్వారంటైన్ స్టేషన్ నడిచింది. పత్రికలో అదే వారం క్వారంటైన్ మాట ఉందేమో వెతకండి.

గోదారిగట్టు: క్వారంటైన్ లేకపోతే?

పాతకాగితం: అప్పుడు ముందు రిజిస్టర్‌లో ఆ తేదీ ఉన్న గడి శీర్షిక చదవండి: ఓడ చేరిన తేదీయా, నమోదైన తేదీయా? దిగినవాళ్ళు పోర్ట్ లూయిస్ రేవులోని ట్రూ ఫాన్ఫరాన్ దగ్గర మెట్లెక్కి వలస కూలీల డిపోలోకి వెళ్ళేవారు. ఇప్పుడు ఆప్రవాసి ఘాట్ అంటున్నది అదే, 1849లో మొదలైంది. అక్కడ ఒకటి రెండు రోజులు ఉంచి, నమోదు చేసి, తోటలకు పంపేవారు.

పేరు పట్టుకుని వెతకొద్దు, ఒక్కో కూలీకి ఇచ్చిన వలస నంబర్ పట్టుకోండి. అప్పన్న ఒక కాగితంలో అప్పానా, ఇంకోదాంట్లో ఇంకేదో అవుతాడు, నంబర్ మారదు. మారిషస్‌లో మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ రిజిస్టర్లున్నాయి. కులం గడిలో జెంటూ అని ఉంటే కంగారుపడకండి, ఆనాటి మద్రాసు ఇంగ్లీషులో తెలుగువాళ్ళని అర్థం. ఇంకొకటి, 1859 ముందు గోదావరి జిల్లా లేదు. ఆ ప్రాంతంలో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలే ఉండేవి. మీ ఓడ 1850లది కాబట్టి గోదావరి అని వెతికితే దొరకదు, రాజమండ్రి అని చూడండి.