లండన్ దీపావళి నిధి: మెషీన్ కొనొద్దు, పిల్లలకి పని నేర్పిద్దాం

అందరికీ నమస్కారం. విశాఖ నుంచి రాస్తున్నాను. ఎంవీపీ కాలనీలో అమ్మవాళ్ళింట్లో ఉన్నాను.

దీపావళి వేడుకలో వచ్చే విరాళాలు ఈసారి ఇండియాలో ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏలోని సమాచారాన్ని కణంలో మోసుకెళ్ళే అణువు) పరిశోధనకి ఇద్దామనుకున్నాం కదా. ఇద్దరు ముగ్గురు అన్నయ్యలు "పీసీఆర్ మెషీన్ కొని, మీద సంఘం పేరు వేయిద్దాం" అంటున్నారు. డీఎన్‌ఏకి కాపీలు తీసే మెషీన్ అది. నాకు నచ్చలేదు. నిన్న బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తింటూ మా పిన్ని కూతురిని అడిగాను, తను ఇక్కడే ఎమ్మెస్సీ చదువుతోంది. "మెషీన్ ఉంటుందక్కా, అందులో వేయడానికే ఏమీ ఉండదు" అంది.

ఆర్‌ఎన్‌ఏని నేరుగా పీసీఆర్‌లో పెట్టలేం. ముందు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముతో డీఎన్‌ఏగా మార్చుకోవాలి. టెమిన్, బాల్టిమోర్ 1970లో కనిపెట్టింది దాన్నే. కోవిడ్‌లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన టెస్టుదీ అదే దారి. ఆ ఎంజైము చిన్న ట్యూబులో వస్తుంది, అయిపోతే మళ్ళీ కొనాలి. పైగా ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు మన చేతుల మీదే ఉంటాయి, కొన్ని మరిగించినా పోవు. అందుకే గ్లవ్స్, విడిగా పెట్టుకున్న పిపెట్‌లు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్. మా నాయనమ్మ మడి వంటే అనుకోండి. ఆ మడి పుస్తకం చదివితే రాదు, చేసేవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోవాలి.

కాబట్టి నా ఓటు ఇద్దరు విద్యార్థుల శిక్షణకి, ప్రయాణానికి, కెమికల్స్‌కి. మా పిన్ని కూతురు అప్లై చేయదు, ముందే చెప్తున్నా.

ట్రెజరర్: బాగుంది చెల్లెమ్మా. కానీ ఇండియాలోని ట్రస్టు ద్వారా పంపాలంటే దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అది కనుక్కోకుండా స్టేజీ మీద ఎవరూ మాటివ్వకండి. ఇంకోటి, ఇక్కడ బ్రిటన్‌లో టాక్స్ కట్టేవాళ్ళు విరాళమిస్తే గిఫ్ట్ ఎయిడ్ కింద ప్రభుత్వం నుంచి పౌనుకి 25 పెన్నీలు అదనంగా వస్తాయి. టికెట్‌కీ భోజనానికీ ఇచ్చిన డబ్బుకి రావు. రెండూ కలిపేయొద్దు, పోయినసారి విడదీయలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

వంటల కమిటీ: అసలు ఆర్‌ఎన్‌ఏ అంటే ఏంటని అడిగితే ఏం చెప్పాలి? మాడుగుల హల్వా కోసం వచ్చినవాళ్ళకి క్లాసు పీకితే పారిపోతారు.

నేను: కారికో, వైస్‌మన్ అనే ఇద్దరు ఆర్‌ఎన్‌ఏ శాస్త్రవేత్తల కథ చెప్పండి అక్కా. ఒంట్లోకి పంపిన ఆర్‌ఎన్‌ఏ మీద మన రోగనిరోధక వ్యవస్థ తిరగబడకుండా దాన్ని ఎలా మార్చాలో చూపించారు. 2005లో వాళ్ళ పేపరు వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అదే పని కోవిడ్ టీకాలకి పునాది అయింది, 2023లో నోబెల్ వచ్చింది. మన్యంలో సికిల్ సెల్ (వారసత్వంగా వచ్చే రక్తం జబ్బు) సంగతి తెలిసినవాళ్ళకి, దానికి చేసే క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్స గురించి చెప్పండి. 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించిన ఆ చికిత్సలో, జన్యువుని ఎక్కడ కత్తిరించాలో చూపించేది చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కే. అయితే "మీ డబ్బుతో ఆ జబ్బు నయమైపోతుంది" అని మాత్రం అనొద్దు, అది అబద్ధం.

వంటల కమిటీ: సరే. వేలానికి ఏటికొప్పాక బొమ్మలు తెస్తున్నావా?

నేను: నావి 23 కేజీల బ్యాగులు రెండే. బొమ్మలా, హల్వానా, అరకు కాఫీయా, శుక్రవారం లోపు తేల్చి చెప్పండి.