చతురస్రం క్లాస్‌ను దీర్ఘచతురస్రం కింద పెట్టొచ్చా? పైథాన్‌లో ఇరుక్కుపోయా

నమస్తే అన్నలూ, అక్కలూ. మాది హనుమకొండ, బీటెక్ రెండో సంవత్సరం. మా బాపు ప్లాట్లు కొలిచే పని చేస్తాడు. చిన్నప్పటి నుంచి టేపు రెండో కొస పట్టుకునేది నేనే. ఆ లెక్కలకు పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాద్దామని కూర్చున్నా.

బిందువు, రేఖాఖండం క్లాసులు (ఒక్కో రకం ఆకారానికి కోడ్‌లో రాసే అచ్చులు) సాఫీగానే అయ్యాయి. చిక్కంతా చతురస్రం దగ్గరే. ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే కదా అని దాన్నుంచే ఇన్‌హెరిట్ చేశా, అంటే దాని లక్షణాలన్నీ దీనికీ వచ్చేలా రాశా. వెడల్పు మారిస్తే పొడవూ, పొడవు మారిస్తే వెడల్పూ మారేలా సెట్టర్లు (కొలతలు మార్చే ఫంక్షన్లు) రాశా. తీరా దీర్ఘచతురస్రం కోసం రాసిన ఫంక్షన్‌కు చతురస్రాన్ని పంపి, వెడల్పు 30, పొడవు 40 పెడితే 1200 చదరపు అడుగులు రావాల్సింది 1600 వచ్చింది! 133 గజాల ప్లాటు దాదాపు 178 గజాలైంది. బాపుకు చూపిస్తే "గిట్లయితే అమ్మేటోనికి పండుగే" అని నవ్వాడు.

ఇది లిస్కోవ్ సూత్రానికి (పై క్లాస్ వాడే చోట దాన్నుంచి వచ్చిన క్లాస్ పెట్టినా ప్రోగ్రాం సరిగ్గానే నడవాలనే నియమానికి) విరుద్ధమని చదివా. కొలతలు ఒకసారి ఇచ్చాక మార్చలేని ఆబ్జెక్టులుగా చేస్తే సరిపోతుందా? లేక రెంటినీ విడదీసి 'ఆకారం' అనే బేస్ క్లాస్ కింద పెట్టాలా?

ఇంకోటి. వంకర ప్లాట్లకు నాలుగు భుజాలు తెలిసినా వైశాల్యం తేలదు. బాపు అడ్డంగా ఒక కర్ణం కూడా కొలిచి రెండు త్రిభుజాలు చేస్తాడు. మరి కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్‌లో) నాలుగు బిందువులు అడగాలా, ఈ ఐదు కొలతలా? టేపుతో బిందువుల కోఆర్డినేట్లు రావు మరి. మీరైతే ఎలా రాస్తారు?